ఇంటి కంప్యూటర్‌కు డీవీడీ రైటర్: వేగం తరువాత, ముందు చదవనివ్వండి

డీవీడీ రైటర్ కొనబోయే వాళ్ల కళ్లు ముందుగా అట్టపెట్టె మీది 24ఎక్స్ అనే రాసే వేగం అంకె మీదే పడతాయి. ఇంటి కంప్యూటర్‌కు కొనేటప్పుడు అన్నింటికన్నా తక్కువ పట్టించుకోవాల్సింది ఆ అంకెనే. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల, ఎటు పోయినా అల్మారా తెరిస్తే లగ్గం సీడీలు, గృహప్రవేశం డీవీడీలు, మేడారం జాతరలో హ్యాండీక్యామ్‌తో తీసిన చిన్న డిస్కులు, స్కానింగ్ సెంటర్ వాళ్లు కవర్లో పెట్టి ఇచ్చిన సీడీలు కట్టలు కట్టలుగా ఉంటాయి. కొత్త రైటర్ మొదటి ఏడాది చేయాల్సిన అసలు పని వీటిని చదివి హార్డ్‌డిస్కులోకి ఎక్కించడం. కొత్తగా రాసేది ఏమైనా ఉంటే అది ఆ తరువాత. అందుకే రైటర్‌ను చదివే సత్తా చూసి ఎంచుకోవాలంటాను. చదవడంలో గట్టిదైతే ఇంటి అవసరానికి సరిపడా రాయడం కూడా దానికి వచ్చే ఉంటుంది.

తొందర ఎందుకంటే, ఆ డిస్కులకు వయసు మీద పడింది. సినిమా డిస్కుల్లో సమాచారం ప్లాస్టిక్‌లో గుంతలుగా అచ్చై ఉంటుంది. ఫోటో స్టూడియో వాళ్లు రాసిచ్చిన డిస్కులో అదంతా ఒక సేంద్రియ రంగు పొర మీద ఉంటుంది. వేడి, వెలుతురు, తేమ ఆ రంగును మెల్లమెల్లగా మారుస్తాయి. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. పడమటి గోడకు ఆనించిన ఇనుప అల్మారాలో, స్లాబు కింది సజ్జ మీద అంతకన్నా ఎక్కువే ఉంటుంది. సీడీకి ఇంకో బలహీనత ఉంది. దాని మెరుపు పొర కిందివైపు కాక లేబుల్ వైపు, పలుచటి లక్క పూత కిందనే ఉంటుంది. పేరు రాసిన వైపు గీత పడితే ఆ భాగం పోయినట్టే. డీవీడీలో ఆ పొర 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటి మధ్య ఉంటుంది కాబట్టి కొంత నయం. సీడీని ట్యూబ్‌లైట్‌కు అడ్డంగా పట్టి చూడండి. సూదిమొనంత చుక్కల్లో వెలుతురు కనిపిస్తే ఆ డిస్కును ముందు వరుసలో పెట్టి మొదట కాపీ చేయాలి.

2000 తరువాతి కొన్నేళ్ల లగ్గాల వీడియోలు ఎక్కువగా వీసీడీలే, అంటే సీడీ మీద రాసిన వీడియోలు. వీటిని కాపీ చేయడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. డిస్కు తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్, అందులో .DAT అనే ఫైలు కనిపిస్తుంది. దాన్ని పట్టి డెస్క్‌టాప్ మీదికి లాగితే 'ఇన్‌వ్యాలిడ్ ఎమ్మెస్-డాస్ ఫంక్షన్' అని వస్తుంది. డిస్కు పాడైందనుకుని పక్కన పడేస్తారు. అది పాడు కాలేదు. మామూలు డేటా సీడీలో ప్రతి సెక్టారులో (డిస్కు మీది ఒక్కో చిన్న ముక్కలో) 2048 బైట్ల సమాచారంతో పాటు తప్పులు సరిదిద్దే అదనపు లెక్క ఉంటుంది. వీసీడీలో ఆ అదనపు లెక్కను తీసేసి ఆ చోటు కూడా వీడియోకే ఇచ్చి సెక్టారుకు 2324 బైట్లు నింపారు. 700 ఎంబీ సీడీలో దాదాపు 800 ఎంబీ వీడియో పట్టింది అందుకే. విండోస్ ఆ సెక్టార్లను మామూలు ఫైలులా చదవబోయి తడబడుతుంది. ఐసోబస్టర్ సాఫ్ట్‌వేర్‌లోనో వీసీడీగేర్ సాఫ్ట్‌వేర్‌లోనో ఆ ట్రాకును ఎంపెగ్ ఫైలుగా బయటికి తీయాలి. ఇంకో సంగతి, సరిదిద్దే లెక్క ఒక అంచె తక్కువ కాబట్టి వీసీడీ మీది గీతను డ్రైవు ఒంటరిగానే ఎదుర్కోవాలి. ఇక్కడే ఒక డ్రైవుకూ ఇంకో డ్రైవుకూ తేడా బయటపడుతుంది.

హ్యాండీక్యామ్ డిస్కుల గొడవ వేరు. అవి 8 సెంటీమీటర్లవి. అడ్డంగా బయటికి వచ్చే ట్రే మధ్యలో వాటి కోసమే చిన్న గుంట ఉంటుంది. డిస్కును నోట్లోకి లాక్కునే రకం డ్రైవులో వాటిని పెట్టకండి, ఇరుక్కుంటాయి. పెట్టాక విండోస్ 'ఖాళీ డిస్కు' అని చూపిస్తే భయపడొద్దు. కెమెరాలో ఫైనలైజ్ చేయకుండా, అంటే రికార్డింగును ముగించి మూసేయకుండా, తీసిన డిస్కు అలాగే కనిపిస్తుంది. అప్పుడు పొరపాటున కూడా 'ఫార్మాట్ చేయమంటారా' అన్నదానికి సరే అనకూడదు. ఐసోబస్టర్ అలాంటి డిస్కులో రాసి ఉన్న ట్రాకులను నేరుగా వెతికి చూపుతుంది.

గీతలు పడ్డ డేటా సీడీ, డీవీడీలకు లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్‌ను మించింది లేదు. విండోస్ కంప్యూటరైనా ఉబుంటు (ఒక రకం లైనక్స్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి వాడుకోవచ్చు. మొదటి విడతలో బాగున్న చోటంతా చకచకా చదివించి, మొండికేసిన చోట్లను వదిలేయమనాలి. రెండో విడతలో మిగిలిన చోట్లను మూడేసి సార్లు ప్రయత్నించమనాలి. బ్లాకు సైజు 2048 ఇవ్వడం మరవొద్దు. ఎక్కడెక్కడ చదివిందో అది ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. అదే డిస్కును ఇంకో డ్రైవులో పెట్టి అదే మ్యాప్ ఫైలుతో నడిపిస్తే, మొదటిది చదవలేని చోట్లనే రెండోది ప్రయత్నిస్తుంది. ఒక కంపెనీ డ్రైవు చేతులెత్తేసిన చోటును ఇంకో కంపెనీది చదవడం మామూలే. కాబట్టి పాత కంప్యూటర్లో పనిచేసే రైటర్ ఉంటే, కొత్తది కొన్నాక దాన్ని పారేయకండి. వీసీడీలకు మాత్రం డీడీరెస్క్యూ పనికిరాదు, ముందు చెప్పిన సెక్టారు తేడా వల్ల.

చదివించే ముందు డిస్కును తుడవాలి. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పకండి. గుండ్రంగా పడే గీత డేటా దారి వెంబడే పోయి పొడుగాటి భాగాన్ని మింగుతుంది. అడ్డంగా పడ్డ గీతను దాటడం లేజరుకు తేలిక. జిడ్డు ఉంటే సబ్బునీళ్లు చాలు, థిన్నర్, పెట్రోలు వద్దు.

ఇక ఏ డ్రైవు అన్న ప్రశ్న. యూఎస్‌బీకి తగిలించే పలుచటి డ్రైవు తేలికగా దొరుకుతుంది, బిగించే పని లేదు, ల్యాప్‌టాప్‌కూ పనికొస్తుంది. అయినా డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు లోపల బిగించే 5.25 అంగుళాల సాటా (మదర్‌బోర్డుకు తగిలించే కేబుల్ రకం) డ్రైవే కొనాలని గట్టిగా చెబుతాను. మొదటి కారణం కరెంటు. యూఎస్‌బీ 2 పోర్టు లెక్కప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు 900. పలుచటి డ్రైవుల లేబుల్ చూడండి, 5 వోల్టుల దగ్గర 1 ఆంపియర్‌కు పైగానే రాసి ఉంటుంది. మొండి డిస్కును మళ్లీ మళ్లీ తిప్పేటప్పుడు, రాసేటప్పుడు కరెంటు చాలక డ్రైవు మధ్యలో మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. కేబినెట్ ముందువైపు పోర్టులో పెడితే సన్నటి వైరు వల్ల ఇంకా నష్టం. లోపలి డ్రైవుకు మోటారు కోసం 12 వోల్టులు, మిగతా వాటికి 5 వోల్టులు నేరుగా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) నుంచి వస్తాయి. రెండో కారణం, పెద్ద డ్రైవు బరువుగా, గట్టిగా ఉంటుంది కాబట్టి కొద్దిగా వంగిన డిస్కు తిరిగినా అదురు తక్కువ. ధర కూడా ఎక్కువేం కాదు.

కంపెనీల విషయంలో ఎంపిక చాలా తగ్గిపోయింది. ఎల్‌జీ పేరుతో వచ్చేవి హిటాచీ-ఎల్‌జీ డేటా స్టోరేజ్ తయారీ. వాటితో పాటు ఆసుస్ ఇంకా కనిపిస్తుంది. పాత స్టాకులో లైట్-ఆన్ దొరికితే వదలొద్దు, రాసిన డిస్కులో తప్పుల లెక్కను స్కాన్ చేసి చూపే సౌకర్యం వాటిలో బాగుంటుంది. మోడల్ నంబర్ చివర అక్షరాల తేడాల గురించి తల పగలగొట్టుకోవాల్సిన పని లేదు. బఫర్ (డ్రైవులోని తాత్కాలిక మెమరీ) ఎంత అన్నదీ అంతే. రాస్తుండగా డేటా అందకపోతే లేజరు ఆగి మళ్లీ అక్కడి నుంచే అందుకునే పద్ధతి ఇప్పుడు అన్నింటిలో ఉంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ దుకాణాల దాకా పోయి సగం ధరకు పాత డ్రైవు తెచ్చుకోవడాన్ని నేను సమర్థించను. లేజరు అరిగేది. ఎంత అరిగిందో బయటి నుంచి చూస్తే తెలియదు. కొత్తదని అమ్మితే లేబుల్ మీద తయారీ నెల, పక్క స్క్రూ రంధ్రాల్లో మరలు తిరిగిన గీతలు చూడండి. గీతలుంటే అది ఎక్కడో బిగించి తీసినదే.

బ్లూ-రే రైటర్ సంగతి కూడా చెప్పాలి. దానికి డీవీడీ రైటర్‌కు ఎన్నో రెట్ల ధర. 25 జీబీ డిస్కు ఆకర్షణీయమే, పైగా హెచ్‌టీఎల్ రకం బ్లూ-రే డిస్కుల్లో సేంద్రియ రంగుకు బదులు లోహ మిశ్రమాల పొర ఉంటుంది కాబట్టి నిల్వకు అది మేలు. ఎల్‌టీహెచ్ అని ఉంటే మళ్లీ రంగు పొరే, కొనొద్దు. కానీ సోనీ 2025 ఫిబ్రవరిలో రాయగలిగే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. ఖాళీ డిస్కులు ముందుముందు ఇంకా కష్టమవుతాయి. ఫోటోలు వందల జీబీ పోగేసిన స్టూడియో వాళ్లకు తప్ప ఇంటికి అక్కర్లేదన్నది నా నిర్ణయం. ఆ పైసలతో ఇంకో హార్డ్‌డిస్కు కొని రెండో కాపీ పెట్టుకోండి.

కొనే ముందు పక్క డోరు తీసి మూడు సంగతులు చూడాలి. ఒకటి, కేబినెట్‌లో 5.25 అంగుళాల అర ఉందా? ముందు అద్దం, రంగు లైట్లు ఉన్న కొత్త కేబినెట్లలో చాలావాటికి ఆ అర ఉండదు. రెండు, మదర్‌బోర్డు మీద సాటా పోర్టు ఖాళీగా ఉందా? కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాటులో ఎస్‌ఎస్‌డీ పెడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు, ఏవో మాన్యువల్‌లో ఉంటుంది. 'డ్రైవు కనిపించడం లేదు' అని తిరిగిచ్చే వాటిలో కొన్నింటి లోపం ఇదే. మూడు, ఎస్‌ఎంపీఎస్‌కు 15 పిన్నుల సాటా పవర్ వైరు మిగిలి ఉందా? లేకపోతే నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి మార్చే వైరు దొరుకుతుంది. ప్లాస్టిక్ పోతపోసినట్టు ఉండే రకం వద్దు. లోపల తీగలు దగ్గరై కాలిపోయే ప్రమాదం ఉంది. వైర్లు విడివిడిగా కనెక్టర్‌లోకి నొక్కి దిగిన రకం తీసుకోండి. ఇంకా పాత కంప్యూటర్‌లో 40 పిన్నుల పట్టీ కేబులే ఉంటే సాటా డ్రైవు నేరుగా తగలదు, మార్పిడి కార్డు కావాలి.

బిగించడం పెద్ద పనేం కాదు. గోడ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. ముందువైపు ప్లాస్టిక్ మూతను, దాని వెనక రేకు ఉంటే దాన్నీ తీసేసి, డ్రైవును ముందు నుంచి లోపలికి జరపాలి. స్క్రూలే జాగ్రత్త: డ్రైవుకు సన్న మర ఉన్న ఎం3 స్క్రూలు, 5 మిల్లీమీటర్ల పొడుగువి. హార్డ్‌డిస్కువి ముతక మర స్క్రూలు, వాటిని బలవంతంగా తిప్పితే డ్రైవు రంధ్రం మర చెడుతుంది. పెట్టె లేకుండా విడిగా అమ్మే డ్రైవుతో స్క్రూలు, కేబుల్ రావు, అడిగి తెచ్చుకోవాలి. అన్నీ తగిలించాక బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) పేరు కనిపిస్తే తీగల పని అయిపోయినట్టే. బయోస్‌లో కనిపించి విండోస్‌లో కనిపించకపోతే, పాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్ వదిలివెళ్లిన అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే రిజిస్ట్రీ విలువలు కారణమై ఉండొచ్చు. డివైస్ మేనేజర్‌లో కోడ్ 19, 39, 41 లాంటివి కనిపిస్తే సీడీ డ్రైవుల క్లాసులో ఆ రెండింటినీ, ముందు బ్యాకప్ తీసి, తొలగించి రీస్టార్ట్ చేయాలి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన సినిమా డీవీడీలు పెట్టే ఇళ్లకు ఒక మాట. సినిమా డీవీడీలను ప్రాంతాల (రీజియన్ల) వారీగా తాళం వేసి అమ్ముతారు: మన దేశం రీజియన్ 5, అక్కడిది 1. డ్రైవులో రీజియన్ ఐదు సార్లే మార్చనిస్తుంది, ఆఖరిసారి దేని మీద ఆగితే ఇక దాని మీదే ఉండిపోతుంది.

ఇప్పుడు రాయడం. డీవీడీకి 1ఎక్స్ అంటే సెకనుకు 1.385 ఎంబీ. 16ఎక్స్, 24ఎక్స్ అన్నవి డిస్కు బయటి అంచుకు చేరాక మాత్రమే అందే వేగాలు, లోపలి నుంచి మొదలైనప్పుడు అందులో సగం కూడా ఉండదు. నిండు డిస్కు 8ఎక్స్‌లో ఎనిమిది నిమిషాలు, 16ఎక్స్‌లో ఐదారు నిమిషాలు పడుతుంది. 24ఎక్స్ వల్ల ఇంకో నిమిషం అటూఇటూ కలిసొస్తుందేమో. దుకాణాల్లో దొరికే ఖాళీ డిస్కులే 16ఎక్స్‌వి. ఆ వేగంలో డిస్కు నిమిషానికి 9 వేల సార్లకు పైగా తిరుగుతుంది. అంచు దగ్గర అదురు, దాంతో తప్పులు పెరుగుతాయి. నిల్వ కోసం రాసేది 8ఎక్స్‌లో రాయండి. ఇంకా మెల్లగా, 2ఎక్స్‌లో రాస్తే ఇంకా బాగా వస్తుందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది, అది సరి కాదు. 16ఎక్స్ డిస్కు రంగు ఆ వేగాలకు తగ్గట్టు తయారైంది. మరీ మెల్లగా కాలిస్తే గుర్తులు పాడయ్యే అవకాశమే ఎక్కువ.

డ్రైవు మీద మిగిలిన పైసలు ఖాళీ డిస్కు మీద పెట్టాలి. మన దేశంలో పెద్ద ఎత్తున డిస్కులు తయారుచేసిన మోసర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. వెర్బేటిమ్ పేరును మిత్సుబిషి కెమికల్ 2019లో తైవాన్‌కు చెందిన సీఎంసీ మ్యాగ్నెటిక్స్ కంపెనీకి అమ్మేసింది. కాబట్టి కవర్ మీది పేరు ఒక్కటే చాలదు, డిస్కు లోపల రాసి ఉండే తయారీ కోడ్ చూడాలి. ఇమ్‌గ్‌బర్న్ సాఫ్ట్‌వేర్ తెరిచి డిస్కు పెట్టగానే కుడివైపు కనిపిస్తుంది. ఎంసీసీ 03ఆర్‌జీ20, ఎంసీసీ 004 అన్నవి పేరున్న అజో రంగు డిస్కుల కోడ్‌లు. పేరు, ఊరు లేని యాభై డిస్కుల డబ్బా చవక అని కొని లగ్గం వీడియో దాని మీద రాయొద్దు. తిరిగి రాసే ఆర్‌డబ్ల్యూ డిస్కులు కూడా నిల్వకు వద్దు. ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్‌లో ఆడించాలంటే డీవీడీ మైనస్ ఆర్ (DVD-R) రకం తీసుకోండి.

డిస్కును గొంతు దాకా నింపకండి. 4.7 జీబీ అని ఉన్నదాన్ని విండోస్ 4.38గా చూపుతుంది. తప్పులు ఎక్కువగా వచ్చేది చివరి అంచులోనే కాబట్టి 4 దగ్గర ఆపడం మంచిది. ఇంకా మంచి పద్ధతి 3.5 జీబీ దగ్గర ఆపి, ఐఎస్‌ఓ ఇమేజ్ (డిస్కు మొత్తానికి ఒకే ఫైలు) తయారుచేసి, డీవీడిజాస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌తో మిగిలిన చోటంతా సరిదిద్దే లెక్కతో నింపి అప్పుడు రాయడం. పదేళ్లకు కొన్ని చోట్ల చదవలేకపోయినా ఆ లెక్క నుంచి తిరిగి కట్టుకోవచ్చు. 8.5 జీబీ డబుల్ లేయర్ డిస్కుల కన్నా రెండు మామూలు డిస్కులే నమ్మకం.

తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టేవాళ్లు, డిస్కు మీద పేర్లు రాసే జోలియట్ అనే పద్ధతిలో పేరుకు 64 అక్షరాలే పడతాయని గుర్తుంచుకోవాలి. 'సమ్మక్క' అన్న పేరులో కంటికి కనిపించేవి మూడే, కంప్యూటర్ లెక్కలో ఏడు. తేదీ, ఊరు, సందర్భం అన్నీ కలిపి పెట్టిన పేర్లు సగంలో తెగిపోతాయి. యూడీఎఫ్ అనే ఇంకో పద్ధతి కూడా కలిపి రాయమంటే ఈ బాధ తగ్గుతుంది, 4 జీబీ దాటిన ఒకే ఫైలుకూ అదే దిక్కు. విండోస్ అడిగే 'పెన్‌డ్రైవ్‌లా వాడతారా, ప్లేయర్‌లో ఆడిస్తారా' అన్న ప్రశ్నకు ఎప్పుడూ రెండోదే ఎంచుకోండి. మొదటి పద్ధతిలో రాసినవి వేరే ప్లేయర్లలో, కొన్ని కంప్యూటర్లలో తెరుచుకోవు.

రాయడం అయ్యాక వెరిఫై, అంటే రాసింది సరిగా ఉందో లేదో చదివి పోల్చడం, తప్పనిసరి. వీలైతే రాసిన డ్రైవులో కాక ఇంకో డ్రైవులో చేయండి. రాసేటప్పుడు కరెంటు పోతే ఆ డిస్కు వృథా. ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి, మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణంలోనే కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు.

పెన్‌డ్రైవ్, క్లౌడ్ ఉండగా ఇదంతా ఎందుకంటారు. ఒకసారి రాసి మూసేసిన డిస్కును ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) ఏమీ చేయలేదు, పిల్లలు పొరపాటున చెరిపేయలేరు. కోర్టుకు సీసీటీవీ వీడియో లాంటిది ఇవ్వాల్సి వస్తే కూడా ఇదే పనికొస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె) రాయాలి. మారడానికి వీల్లేని డిస్కులో ఆ విలువ అలాగే ఉంటుంది. అయితే ఫోన్‌లో తీసిన గంటల కొద్దీ 4కే వీడియోలకు డీవీడీ సరిపోదు. ఏరి పెట్టుకున్న ఫోటోలు, పట్టా కాగితాల స్కాన్లు, పాత వీడియోలు, స్కానింగ్ సీడీల కాపీలు, ఇంతవరకే దీని పరిధి. స్కానింగ్ సీడీని కాపీ చేసేటప్పుడు బొమ్మలు మాత్రమే ఏరకుండా డైకామ్‌డిర్ (బొమ్మల జాబితా) ఫైలుతో సహా మొత్తం ఇమేజ్‌గా తీయండి, లేకపోతే డాక్టర్ దగ్గర వ్యూయర్‌లో వరుస దొరకదు.

డ్రైవు పాడయ్యేది ఎక్కువగా దుమ్ము వల్లే. కేబినెట్ వెనక ఫ్యాను గాలిని బయటికి తోడుతుంటే లోపలికి రావాల్సిన గాలి ట్రే సందుల్లోంచి కూడా దూరుతుంది, లెన్సు మీద పేరుకుంటుంది. పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, గ్రానైట్ కోసే కరీంనగర్ వైపు ఇళ్లల్లో ఇది తొందరగా జరుగుతుంది. ముందువైపు గాలి దారిలోని జాలీని నెలకోసారి శుభ్రం చేస్తే ట్రే సందుల్లోంచి దూరే గాలి తగ్గుతుంది. 'పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్' అని వస్తే లేజరు ఆ డిస్కుకు ఎంత బలం వాడాలో తేల్చుకోలేకపోయిందని అర్థం. ముందు వేరే కంపెనీ డిస్కుతో చూడండి. దానిలోనూ వస్తే లెన్సును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో, అసలు నొక్కకుండా తుడవాలి. అయినా మారకపోతే లేజరు పని అయిపోయింది, కొత్త డ్రైవు తెచ్చుకోవడమే. ట్రే బయటికి రాకపోతే లోపలి రబ్బరు బెల్టు సాగి ఉంటుంది. కంప్యూటర్ ఆపేసి ముందున్న చిన్న రంధ్రంలోకి సాగదీసిన పేపర్ క్లిప్ దూరిస్తే ట్రే కదులుతుంది.

దుకాణంలోనే పరీక్షించనిస్తే ఇంటి నుంచి మూడు డిస్కులు తీసుకుపోండి: ఒక పాత వీసీడీ, గీతలున్న ఒక డీవీడీ, కొత్త ఖాళీ డీవీడీ ఒకటి. మొదటి రెండూ ఎంతసేపట్లో తెరుచుకున్నాయో చూడండి. మూడోదాని మీద నిండుగా రాయించి వెరిఫై చేయించండి, సగం రాసి ఆపితే అంచు దగ్గరి లోపం బయటపడదు. అక్కడ కుదరకపోతే బిల్లు మీద తేదీ, డ్రైవు సీరియల్ నంబర్ రాయించుకుని, మార్చుకునే గడువు ఎన్ని రోజులో అడిగి, ఆ గడువు లోపలే ఇంట్లో ఈ మూడూ చేసేయండి.